సేవలో లేని రోజు

మా ఆసుపత్రి వెనక వరండాలో ఒక పాత కంప్రెసర్ ఉంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ముందు ఎక్కిళ్ళు పెట్టినట్టు కాసేపు కొట్టుకుని, ఒంట్లోని ఇనుమంతా ఊడిపోతుందేమో అన్నంత మోతతో లేస్తుంది. దాని గాలితోనే మా డ్రిల్లు తిరుగుతుంది కాబట్టి, ఆ మోత వినపడితే గాని దంత విభాగంలో పని మొదలు కాదు. మొన్న వడగాలి వీస్తున్న ఒక ఉదయం అది మొరాయించింది. అటెండరు మెకానిక్‌కి ఫోన్ కలుపుతుంటే, నాకు తెలియకుండానే నా కాలు ముందుకు వెళ్ళి దాని పక్కటెముకల మీద ఒక్క తన్ను తన్నింది. అది లేచి మోగింది. బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆ తన్ను నాది కాదు, విమల మేడమ్‌ది. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో, కంప్రెసర్ మొరాయిస్తే ఆవిడ అలాగే లేపేవారు.

డాక్టర్ విమలది సిద్దిపేట వైపు. పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చి, యమున అవతల ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద దంతవైద్యురాలిగా చేరారు. నేను ఆవిణ్ణి మొదటిసారి చూసేనాటికి అక్కడ పదేళ్ళు దాటిపోయాయి. అయినా గది తలుపు మీద ఆవిడ పేరు లేదు. హిందీలో ‘దంత విభాగం’ అని రాసిన రేకు ఒకటి వేలాడుతూ ఉండేది. పక్క గదుల్లో ఆవిడకన్నా ఎంతో చిన్నవాళ్ళయిన ఎంబీబీఎస్ డాక్టర్లకు ఇత్తడి పలకల మీద పేర్లుండేవి. నేనప్పుడు గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు కాలేజీలో బీడీఎస్ ముగించి, ఇంటర్న్‌షిప్‌లో భాగంగా అక్కడికి వచ్చిన తెనాలి పిల్లని. ఎంబీబీఎస్ సీటు రాక ఇటు వచ్చిన చాలామందిలాగే నేనూ సగం డాక్టర్నే అన్న సిగ్గుతో తెల్లకోటు తొడుక్కునేదాన్ని. ఆ సిగ్గును మొదట పసిగట్టింది ఆవిడే, దాన్ని నా ఒంటిమీంచి వలిచిందీ ఆవిడే.

చేరిన మొదటి వారంలో, బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ బుగ్గ వాచిపోయి వచ్చింది. కింది దవడలో దంతం పుచ్చింది. నేను మత్తుసూది సిద్ధం చేసుకుని పట్కారు చేతిలోకి తీసుకున్నాను.

“అడిగినవా?” అని వెనకనుంచి ఒక గొంతు వినపడింది. ఢిల్లీ ఆసుపత్రిలో తెలుగు విని ఉలిక్కిపడ్డాను. కోటు మీది నా ఇంటిపేరు చూసి గుర్తుపట్టారట.

“ఏమడగాలి మేడమ్?”

“పీకాల్నా, కాపాడాల్నా అని. ఆ పన్ను నీదా?”

“రూట్ కెనాల్ అంటే చాలాసార్లు రావాలి కదండీ. ఫ్యాక్టరీలో సెలవివ్వరేమోనని...”

“ఇవ్వరని ఆమె చెప్పిందా, నువ్వే చెప్తున్నవా? పైసలున్నోళ్ళ పన్నయితే కాపాడుడు, గరీబోళ్ళదైతే పీకుడా? ముందు అడుగు బిడ్డా. ఆమె పీకమంటే అప్పుడు పీకు.”

అడిగాను. ఆవిడ ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసి, పన్ను బతుకుతుందంటే వారపు సెలవు రోజున తప్పకుండా వస్తానంది. ఇంతకుముందు ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కాని వేరు లోపల శుభ్రం చేసే సన్నటి సూదులు స్టోరులో లేవు. నెలల తరబడి రాలేదు. దంత విభాగం అడిగింది ఎప్పుడూ జాబితాలో ఆఖరునే ఉంటుంది. విమల మేడమ్ మధ్యాహ్నం భోజనం మానేసి, స్టోరు గుమాస్తా బల్ల ముందు కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఆయన చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నారు. “గుండెకు మందుంటది, కంటికి చుక్కలుంటయి, పన్నుకు పట్కారు ఒక్కటేనా భయ్యా?” అని సగం హిందీ, సగం తెలుగులో అడుగుతూ అక్కడే ఉండిపోయారు. సూదులు ఆ వారంలోనే వచ్చాయి. ఆ ఫ్యాక్టరీ మనిషి తన పన్నుతోనే ఇంటికి వెళ్ళింది.

విమల మేడమ్ ఉద్యోగం ఎలాంటిదో నాకు అర్థం కావడానికి మరికొంత కాలం పట్టింది. కాంట్రాక్టు ఏడాదికి ఒకసారి ముగిసేది. మళ్ళీ మొదలయ్యేలోపు కావాలని ఒక రోజు ఖాళీ ఉంచేవారు. ఉద్యోగం తెగకుండా సాగితే ఈ మనిషి రేపు పర్మనెంట్ చేయమని అడుగుతుందేమోనని, దాన్ని ఏటా ఒకచోట నరికి, మర్నాడు అతికేవారు. ఆ ఒక్కరోజు కాగితాల ప్రకారం ఆవిడ ఆసుపత్రికి ఏమీ కారు. జీతం అదే పనిచేసే పర్మనెంట్ దంతవైద్యుల జీతంలో సగం కూడా ఉండదు. పెన్షన్ లేదు, పదోన్నతి అన్న మాటే లేదు. చేరిన రోజు ఏ కుర్చీలో కూర్చున్నారో పదేళ్ళ తర్వాతా అదే కుర్చీ. “మీకు కోపం రాదా మేడమ్?” అని అడిగాను ఒకసారి.

“రోజూ వస్తది. చెయ్యి దాకా రానియ్యను, అంతే. చెయ్యి వణికితే పేషంటుకు నష్టం.”

ఆ ఏడాది ఖాళీ రోజు నేను అక్కడే ఉన్నాను. దంత విభాగానికి తాళం. పెద్ద డాక్టరు లేకుండా ఇంటర్న్‌లు పేషంట్లను ముట్టుకోకూడదు కాబట్టి మమ్మల్ని ఎమర్జెన్సీలో కూర్చోమన్నారు. ఉదయం ఒక కూరగాయలమ్మే ఆవిణ్ణి కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. ముందురోజు వాళ్ళ వీధిలో ఎవరో పన్ను పీకారట. గుండె ఆపరేషన్ అయి, రక్తం పలచబడే మందు వాడుతున్న మనిషి. ఆ సంగతి పీకినవాడు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. చీర చెంగంతా ఎర్రగా తడిసి, నోట్లో గడ్డకట్టిన రక్తంతో మాట పెగలడం లేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గాజుగుడ్డ పెట్టి చూశాడు. ఆగలేదు. “పెద్దాసుపత్రికి రెఫర్ చేస్తున్నాను, దంతాల డాక్టరు ఈరోజు లేరు” అన్నాడు. ఆ ట్రాఫిక్‌లో యమున దాటి అంతదూరం వెళ్ళేసరికి ఆవిడ ఏమవుతుందో నాకు భయం వేసింది. అదే సమయంలో విమల మేడమ్ కాంట్రాక్టు కాగితాలు ఇవ్వడానికి పైన ఆఫీసులో ఉన్నారని నాకు తెలుసు. మెట్లెక్కి పరుగెత్తాను.

మేడమ్ నా మాట పూర్తిగా వినకుండానే లేచారు. గుమాస్తా వెనకనుంచి పిలిచాడు. “మేడమ్‌జీ, ఆజ్ ఆప్ స్టాఫ్ నహీ హై. ఈ రోజు మీరు సిబ్బంది కారు, చెయ్యి పెట్టకూడదు.”

“రక్తానికి తెలుసా భయ్యా, ఈ రోజు ఏ తారీఖో?” అని కిందికి దిగారు.

తాళం తీయించి, చీర కొంగు నడుముకు దోపుకుని, గ్లోవ్స్ తొడుక్కున్నారు. పాత గడ్డ తీసేసి, పన్నున్న చోట మందు అద్దిన దూది కూరి, చిగుళ్ళ రెండంచులూ దగ్గరకు లాగి కుట్లు వేశారు. “చూడు బిడ్డా, గట్టిగ ఒత్తి పట్టుకో, మాటిమాటికీ తీసి చూడకు” అని నా చేతి మీద తన చెయ్యి వేసి ఉంచారు. ఆ చెయ్యి నిజంగానే వణకలేదు. రక్తం ఆగింది. కూరగాయలావిడ కళ్ళు తెరిచి, మేడమ్ మోచేతిని తడిమి వదిలింది.

మరునాడు కొత్త కాంట్రాక్టు రాలేదు. దాని బదులు సంజాయిషీ అడుగుతూ నోటీసు వచ్చింది. సేవలో లేని వ్యక్తి ఆసుపత్రి గది తెరిపించి రోగికి చికిత్స చేసిందని అభియోగం. ఇన్నేళ్ళు గడిచినా ఆ వాక్యం తలుచుకుంటే నా ఒళ్ళు మండుతుంది. పన్ను పీకి పంపేసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. చికిత్స చేయగల మనిషి పై అంతస్తులో ఉండగా రెఫర్ చీటీ రాసినవాణ్ణీ అడగలేదు. తప్పల్లా రక్తం ఆపిన చేతిదే అయింది. సూపరింటెండెంట్ నన్ను కూడా పిలిపించారు. చాలా మెత్తగా, “బేటా, నీ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద మా సంతకం కూడా కావాలి కదా. ఆవిడే తనంతట తాను వచ్చి జోక్యం చేసుకుందని రాయి” అన్నారు.

“నేనే వెళ్ళి పిలిచాను సర్. మేడమ్ రాకపోతే ఆ పేషంటు చనిపోయేది” అన్నాను. అదే రాసిచ్చాను. మిగిలిన పోస్టింగు రద్దు చేసి నన్ను కాలేజీకి పంపేశారు. సర్టిఫికెట్ ఆలస్యంగానైనా వచ్చింది.

ఒక్క వాక్యం క్షమాపణ రాసిస్తే ఫైలు కదులుతుందని మేడమ్‌కి కబురు పంపారు. ఆవిడ స్వయంగా వెళ్ళి సూపరింటెండెంట్ ఎదుట నిలబడ్డారట. “ఏమని రాయాలె సర్? రక్తం ఆపినందుకు సారీ అని రాయాల్నా? మళ్ళీ గట్ల జరిగితే ఊకుంటనని రాయాల్నా?” అని అడిగారట. రాయలేదు. కాంట్రాక్టు రాలేదు. ఆ గదికి చాలాకాలం తాళమే ఉందని, బుగ్గలు పట్టుకుని వచ్చినవాళ్ళు రేకు చదివి తిరిగి వెళ్ళేవారని తర్వాత విన్నాను.

నేను గురుగ్రామ్‌లో, ఊరూరా శాఖలున్న ఒక కార్పొరేట్ దంతవైద్యశాలలో జూనియర్‌గా చేరాను. దక్షిణ ఢిల్లీలోని కట్వారియా సరాయ్‌లో ఒక గది తీసుకున్నాను. నా రూమ్మేటు కూడా బీడీఎస్సే. అందులో బతుకు లేదని తేల్చుకుని, సివిల్స్ కోచింగ్ కోసం రోజూ ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్ళేది. “నువ్వూ వచ్చేయవే, ఎందుకా వెట్టిచాకిరీ?” అనేది. అది నిజంగా వెట్టిచాకిరీయే. మొదటి కొన్ని నెలలు నేర్చుకునే కాలమట, జీతం ఉండదట. ఉదయం నుంచి రాత్రి షట్టరు వేసేదాకా నేను పళ్ళు శుభ్రం చేసేదాన్ని, పిప్పిపళ్ళు నింపేదాన్ని. అదంతా నేర్చుకోవడం కిందే లెక్క. ఒకరోజు అక్కడికే విమల మేడమ్ సీనియర్ డాక్టరుగా వచ్చి చేరారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని కాసేపు నవ్వుకున్నాం. నా జీతం సంగతి తెలిశాక ఆవిడ మొహంలో నవ్వు పోయింది. మేనేజరు పెద్ద చదువు చదివిన కుర్రాడు, నోట్లో ఎన్ని పళ్ళుంటాయో కూడా తెలియదు. ఆవిడ తిన్నగా అతని గదిలోకి వెళ్ళారు.

“ఈ పిల్ల పని చేసినందుకు పేషంటు దగ్గర పైసలు తీసుకున్నరా లేదా?”

“మేడమ్, ఇండస్ట్రీ ప్రాక్టీసు అంతే. ఫ్రెషర్స్‌కి మేం ఎక్స్‌పోజర్ ఇస్తున్నాం” అన్నాడతను.

“పేషంటుకు బిల్లు ఇచ్చేటప్పుడు పూర్తి డాక్టరు, జీతం దగ్గరికి వచ్చేసరికి నేర్చుకునే పిల్లనా? రెండిట్ల ఒకటి చెప్పు. పిల్లయితే రేపటి నుంచి పేషంట్లకు గదే చెప్పు, ఈమె ఇంకా నేర్చుకుంటున్నదని.”

ఆ నెల నుంచి నాకు జీతం వచ్చింది. పెద్దదేం కాదు. కాని నా చేతికి ఒక విలువ ఉందని, దాన్ని నోరు విప్పి అడగవచ్చని నాకు ఆ గదిలోనే తెలిసింది. ఐదేళ్ళ చదువులో ఏ ప్రొఫెసరూ ఆ పాఠం చెప్పలేదు.

ఆవిడ అక్కడా నిలవలేదు. చూసిన పేషంట్లలో ఎంతమందిని పెద్ద చికిత్సలకు ఒప్పించారన్నదే ఆ సంస్థలో డాక్టరుకు కొలమానం. సోమవారం మీటింగులో ప్రతి డాక్టరు పేరు పక్కన ఆ శాతం తెర మీద వేసేవారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పై పన్ను మీద చిన్న మరక చూసుకుని భయపడి వచ్చాడు. రూట్ కెనాల్ చేసి తొడుగు వేయాలని కౌంటరు దగ్గరే అతనికి ప్యాకేజీ చెప్పేశారు. విమల మేడమ్ అద్దం పెట్టి చూసి, “మీ పన్ను గట్టిగా ఉంది. చాయ్ తగ్గించండి” అని పంపేశారు. మరుసటి సోమవారం మేనేజరు అందరి ముందు, “ఇలాగైతే ఎలా మేడమ్? పేషంటు మన చేతిలో ఉన్నాడు కదా” అన్నాడు. ఆవిడ కుర్చీ వెనక్కు నెట్టి లేచారు.

“చేతిల ఉన్నడు కాబట్టే. నోరు తెరిచి కుర్చీల పండుకున్న మనిషి మాట్లాడలేడు. అప్పుడు వాని తరఫున మాట్లాడాల్సింది నేను. నువ్వు కాదు, నీ తెర కాదు.”

ఆ నెలాఖరుకు ఆవిణ్ణి రావద్దన్నారు. ఒకచోట చికిత్స చేసినందుకు, ఇంకొకచోట చేయనందుకు వెళ్ళగొట్టారు. రెండుచోట్లా ఆవిడ చేసింది ఒకే పని. పేషంటుకు ఏది అవసరమో అదే చేశారు. ప్రభుత్వమైతే సేవ, ప్రైవేటైతే సంపాదన అని మా చదువులో చెప్పుకునేవాళ్ళం. మంచి డాక్టరును నిలబెట్టుకునే చోటు మాత్రం రెండువైపులా లేకపోయింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంతవైద్యుల పర్మనెంట్ పోస్టులకు ప్రకటన వచ్చింది. నేనూ దరఖాస్తు చేశాను, ఆవిడా చేశారు. ఆవిడ వయసు పరిమితి దాటిపోయింది. కాంట్రాక్టులో పనిచేసినవారికి సడలింపు ఉంది, అయితే సేవ తెగకుండా సాగి ఉండాలి. ఏటా ఒక రోజు తెగింది కాబట్టి ఆవిడది సాగిన సేవ కాదని తిప్పి పంపారు. తామే నరికి, ఇది నరికి ఉంది గనక చెల్లదన్నారు. ఆవిడలాంటి మరికొందరితో కలిసి వేసిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. నేను పరీక్ష రాశాను. ఎంపికయ్యాను. ఆ కబురు చేతిలో పట్టుకుని సంతోషించడం చేతకాక, ఆవిణ్ణి వెతుక్కుంటూ నోయిడా వెళ్ళాను.

అప్పటికి ఆవిడ ఆరోగ్యబీమా క్లెయిములు పరిశీలించే ఒక కంపెనీలో చేరి ఉన్నారు. మెడలో కార్డు, ఎదురుగా కంప్యూటరు. దేశం నలుమూలల నుంచి వచ్చే దంతాల ఎక్స్‌రేలు చూసి, ఖర్చు ఇవ్వాలో వద్దో రాయడం పని. ఆ మనుషుల మొహాలు ఆవిడకు కనిపించవు. క్యాంటీన్‌లో రాజ్మా చావల్ తింటూ చెంచాను, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాన్ని పట్టుకున్నట్టు మూడువేళ్ళతో పట్టుకున్నారు. నేను చూస్తున్నానని గమనించి, దాన్ని మామూలుగా మార్చుకున్నారు.

“నవ్వకు బిడ్డా. పన్ను ముట్టుకుంటే సగం జీతం, ముట్టుకోకుంటే దాని మీద రెండింతలు. మా బిడ్డ ఫీజులు కట్టాలె కదా.”

నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. “ఆ పోస్టు మీది మేడమ్. నేను చేరలేను” అన్నాను.

ఆవిడ కోప్పడ్డారు. నా మీద అంత కోప్పడటం అదే మొదటిసారి. “ఏం మాట్లాడుతున్నవ్? నువ్వు వదిలేస్తే నాకు ఇస్తరా? ఆ గదికి ఇంకో తాళం పడ్తది, అంతే. పోయి చేరు. నాకు జరిగింది నీ కింద పనిచేసేటోళ్ళకు జరుగుతుంటే చూసుకుంట కూసోకు. గంతే చాలు నాకు.” మెడలో కార్డు సర్దుకుంటూ, “నాకు ఆ కుర్చీ కావాలనే ఉండె. లేదని అబద్ధం చెప్పను” అన్నారు.

చేరాను. గది తలుపు మీద ఇప్పుడు నా పేరుంది. నాతోపాటు డాక్టర్ ఫర్హీన్ అనే అమ్మాయి కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. పోయిన చలికాలంలో ఆమె నెలలు నిండుతున్నాయని సెలవడిగింది. కాంట్రాక్టువాళ్ళకు ప్రసూతి సెలవు లేదని, మానేసి, బిడ్డ పుట్టాక ఖాళీ ఉంటే మళ్ళీ దరఖాస్తు చేసుకోమని ఆఫీసు జవాబిచ్చింది. ఆమె నా దగ్గర ఏడవలేదు. తన సామాను ఒక సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను ఆ కాగితం పట్టుకుని విభాగాధిపతుల మీటింగుకు వెళ్ళాను. ఎజెండాలో లేదన్నారు, తర్వాత చూద్దామన్నారు. నేను కూర్చోలేదు. సెలవు ఇవ్వకూడదన్న నిబంధన ఎక్కడుందో చూపించమన్నాను. ఎవరూ చూపించలేదు. చివరికి మా సూపరింటెండెంట్ కళ్ళజోడు తీసి, విసుగ్గా, “డాక్టర్ సాహిబా, మీరు పర్మనెంటే కదా. మీకేమిటి ఇబ్బంది?” అన్నారు.

నాలోంచి లేచిన ఆ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. అది చెయ్యి దాకా రాలేదు. కాగితం నిశ్చలంగా ఆయన ముందు పెట్టాను.

“పర్మనెంట్‌ని కాబట్టే అడుగుతున్నాను సర్. ఆమె అడిగితే రేపు ఇక్కడ ఉండదు. నేను ఉంటాను. రేపు కూడా వచ్చి అడుగుతాను.”